కాప్పు రోజుల్లో విచారణ

విరుదునగరం
2 ఫిబ్రవరి 1934

అక్కయ్యకు, బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చి నెలయింది. జవాబు రాయలేదని కోపంగా ఉంటావు. కారణం వింటే ఆ కోపం పోతుంది. నేనిప్పుడు మునుపటి గుమాస్తాను కాను. పట్నాన్ని బాగు చెయ్యాలని సర్కారు ఇక్కడ విస్తరణ ఆఫీసు అని ఒకటి పెట్టింది కదా, దానికి మద్రాసు నుంచి స్పెషలాఫీసరు వచ్చాడు. మలబారు మనిషి, అరవం అంతంతమాత్రం. ఆయనకు నేను హెడ్ గుమాస్తాను. ఆయన చూసే ప్రతి కాగితమూ ముందు నా బల్ల మీదికి వస్తుంది.

మొదట మాకు అప్పజెప్పింది వీధి దీపాల పని ఒక్కటే, అదీ ఆరు నెలలకు. దీపాలకు స్తంభాలు నాటాలి. నాటాలంటే వీధి కొలవాలి. కొలిస్తే, ముందుకు జరుపుకుని కట్టుకున్న అరుగులన్నీ బయటపడ్డాయి. అరుగులు కొట్టే అధికారం కావాలని రాశాం, ఇచ్చారు. దాని వెనకే కాలువలు వచ్చాయి, ఆ వెనకే బండ్ల లైసెన్సు. అన్నీ తాత్కాలికమనే ఇచ్చారు, ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. ఓట్లు గెలిచిన మునిసిపల్ మెంబర్లు నెలకొకసారి కూడి, కాఫీ తాగి, మేం పంపిన కాగితాల మీద సంతకాలు పెట్టి పోతున్నారు. పోయిన నెల ఒక మెంబరు ఆఫీసరు ముందుకొచ్చి ఎగిరాడు. "నన్ను జనం ఎన్నుకున్నారు. మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు?" అన్నాడు. ఆఫీసరు నవ్వి, "ఎవరూ ఎన్నుకోలేదు, అందుకే నేనెవరికీ భయపడనక్కర్లేదు" అన్నాడు. నేను దాన్ని అరవంలో చెప్పాను. ఆ మెంబరు ముఖం నువ్వు చూసి ఉండాల్సింది.

నా గదిలో గోడ మీద ఈ పట్నం పటం ఉంది. ఆయన రోజూ వచ్చి ఎర్ర పెన్సిలుతో గీతలు గీస్తాడు. ఆ గీత పడ్డ చోట రోడ్డు వస్తుంది. ఇవాళ పిచ్చివాళ్ళలా తిట్టేవాళ్ళు పదేళ్ళకు మా పేరు చెప్పుకుంటారు, చూడు.

ఈ ఏడు మారియమ్మకు కాప్పు ఎప్పుడు కడుతున్నారు? మన ఏడూళ్ళకూ ఒకే రోజేనా? సెలవు పెట్టుకోవాలి, తేదీ సరిగ్గా రాయి.

తమ్ముడు,
గోవిందరాజ్

*

కోవిల్‌పట్టి పక్క గోపినాయకన్‌పట్టి
తై మాసం 27

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాసేది.

నీ గొప్ప చదివి మీ బావ రెండు రోజులు మీసం దువ్వుకున్నాడు. చావడిలో పదిమందికీ చదివి వినిపించాడు. నేను మాత్రం పెద్దగా పొంగిపోలేదు. అరుగులు కొట్టించడం కూడా గొప్పేనా? ఆ అరుగు మీద కూచుని మురుకులు అమ్ముకుని బతికే ముసలిది ఇప్పుడెక్కడ కూచుంటోందో నీ పటంలో ఉందా?

సూటిగా ఒకటి అడుగుతున్నాను, సూటిగా రాయి. ఆ పటంలో మన వండిపేట ఎక్కడుంది? నాయన ఏడూళ్ళూ కాలినడకన తిరిగి, ఇంటింటా వాటా డబ్బు, పంగు అడిగి, కూడగట్టి కొన్న చోటది. పత్తి బళ్ళు తోలుకొచ్చినవాళ్ళు ఎద్దుల్ని విప్పుకుని, బావిలో నీళ్ళు తోడుకుని, ధర లేని రోజున అమ్మకుండా పదిహేను రోజులైనా గట్టిగా కూచోగలిగేది ఆ పేట ఉండబట్టే. అది లేకపోతే దళారి చెప్పిందే ధర. నీకు తెలియంది కాదు. నువ్వు అరవ బడికి పోయింది, ఇంగ్లీషు నేర్చింది ఆ పత్తి మీదే.

కాప్పు సంగతి అడిగావు. పంగుని మొదటి మంగళవారం, మీ లెక్కకు మార్చి ఇరవై. ఏడూళ్ళకూ ఒకే అమ్మ, ఒకే కాప్పు. మణికట్టుకు పసుపు దారం పడ్డాక వారం రోజులు, పొంగలి పెట్టి దారం విప్పేదాకా, ఎవరూ పొలిమేర దాటరు. ఇది నీకు నేను చెప్పాలా? ఎనిమిదేళ్ళప్పుడు రైలు చూస్తానని కాప్పు నాడు పొలిమేర దాకా పరుగెత్తితే నాయన నిన్ను చెంబుతో నీళ్ళు కొట్టి ఇంటికి ఈడ్చుకొచ్చాడు. వచ్చేవాడివైతే సోమవారానికే ఊళ్ళో ఉండు. పిల్లల్నీ తీసుకురా.

అక్క,
రంగమ్మాళ్

*

విరుదునగరం
5 మార్చి 1934

అక్కయ్యకు నమస్కారాలు.

ఈసారి పండగకు రాలేను. ఆఫీసులో తల గోక్కునే తీరిక లేదు. ఆఫీసరు నన్ను కుర్చీలోంచి లేవనివ్వడం లేదు. స్టేషను నుంచి బజారుకు తిన్నగా నలభై అడుగుల రోడ్డు వేస్తున్నాం. ఇప్పుడున్న సందులో రెండు మిరపకాయల బస్తాల బళ్ళు ఎదురుపడితే సగం పూట పంచాయితీ. రోడ్డు పడితే లారీ కూడా పోతుంది.

వండిపేట గురించి ఊరికే దిగులు పడుతున్నావు. మేమేమీ దొంగలం కాదు. ఏ స్థలం ముట్టుకోవాలన్నా చట్టం ఉంది. గేటుకు నోటీసు అంటించాలి, ఏడు రోజులు గడువివ్వాలి, ఆఫీసరు స్వయంగా కూచుని అభ్యంతరాలు వినాలి. పంగుదార్లు వచ్చి కాదంటే రాసుకుని తీరాలి. ఏడూళ్ళ మగవాళ్ళు ఒక్కసారి వచ్చి నిలబడితే ఏ ఆఫీసరైనా వెనక్కి తగ్గాల్సిందే. ఇంతకన్నా న్యాయం ఎక్కడుంది?

మరొక మాట. కవరు మీద ఒట్టి పేరు రాస్తున్నావు. హెడ్ గుమాస్తా, విస్తరణ ఆఫీసు అని కూడా రాయి. ఆఫీసు జవాన్లు చూస్తుంటారు.

తమ్ముడు,
గోవిందరాజ్

*

గోపినాయకన్‌పట్టి
పంగుని మాసం, కాప్పు కట్టిన అయిదో రోజు, శనివారం

గోవిందరాజుకు,

హెడ్ గుమాస్తా అని రాయలేదు, చూసుకో. ఈ ఉత్తరం తపాలాలో రావడం లేదు, పేట కాపలాదారు సుడలై చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన ఈ పొద్దున రైలు దిగి, చంకలో మడిచిన కాగితంతో పొలిమేర అవతల నిలబడి కేకేశాడు. ఆయనకు చదవడం రాదు. మంగళవారం మీ జవాన్లు వచ్చి పేట గేటుకు ఆ కాగితం అంటించి పోయారట. మన బళ్ళన్నీ కాప్పుకని సోమవారం సాయంత్రమే ఊళ్ళకు తిరిగొచ్చేశాయి కదా, చూసి చెప్పేవాడు లేడు. నాలుగు రోజులు చూసి, అనుమానం వచ్చి, కాఫీ అంగడివాడితో చదివించుకుని, దాన్ని ఊడదీసి తెచ్చాడట.

వండిపేట మొత్తం రోడ్డుకు తీసుకుంటారట. అభ్యంతరాలు ఉన్న పంగుదార్లు వచ్చే మంగళవారం పదకొండు గంటలకు స్వయంగా ఆఫీసరు ముందుకు రావాలట. రానివాళ్ళకు సమ్మతమేనని అనుకుంటారట.

మంగళవారం నోటీసు, మంగళవారం విచారణ. సరిగ్గా కాప్పు కట్టిన రోజున మొదలై పొంగలి నాటికి ముగుస్తుంది. మలబారు మనిషికి మన మారియమ్మ కాప్పు తేదీ ఎలా తెలిసిందిరా? నువ్వు సెలవుకని అడగలేదు. నా చేతనే రాయించుకుని దాని మీద నోటీసు తేదీ వేశావు. నేనెంత తెలివితక్కువదాన్నో, మీ లెక్కకు మార్చి ఇరవై అని తర్జుమా కూడా చేసి పంపాను.

చావడిలో అందరూ కూడారు. పంగుదారు చెల్లసామి లేచి, "పోదాం, యామవుద్దో అవనీ" అన్నాడు. పూజారి ఒప్పుకోలేదు. "పొలిమేర దాటినోడి ఇంట్లో అమ్మ పోస్తే యెవుడు బాద్యుడు? పోయిన తూరి దాటిన ఇంట్లో ఇద్దరు పిలకాయలు పోలే?" అన్నాడు. అమ్మవారి మాట ఎత్తగానే అందరి తలలూ వంగిపోయాయి. బావ నా వైపు చూసి, "వాడు మనోడే గదా, వాడికే రాయి" అన్నాడు. ఇంకా నిన్ను నమ్ముతున్నది ఆయనొక్కడే.

అందుకే రాస్తున్నాను. తేదీ మార్చు. ఒక్క రెండు రోజులు. గురువారం పెట్టు చాలు, నూట ఇరవై మంది పంగుదార్లూ వచ్చి నిలబడతారు. ఆ తరువాత మీ ఆఫీసరు ఏమన్నా అననీ. నీ పెన్నుతో అయ్యే పని. చెయ్యకపోతే, ఇది ఆఫీసరు చేసింది కాదు, నువ్వు చేసిందే అనుకుంటాను.

రంగమ్మాళ్

*

విరుదునగరం
26 మార్చి 1934

అక్కయ్యకు,

ప్రచురించిన తేదీ మార్చడానికి వీలు లేదు. తేదీ వేసింది ఆఫీసరుగారు. మీ పండగలూ మా పండగలూ చూసి తేదీలు వేస్తూ కూచుంటే ఏడాదిలో పది రోజులు కూడా ఆఫీసు నడవదు.

పసుపు దారం కట్టుకుంటే పొలిమేర దాటకూడదని ఏ చట్టంలోనూ లేదు. దాటొద్దని మిమ్మల్ని ఆపింది మేం కాదు. మీ భయానికి నన్ను తిట్టడం న్యాయమేనా? రైలు ఉంది, రెండు గంటల ప్రయాణం, వచ్చి చెప్పుకోండి. రాకపోతే రాలేదని రాసుకుంటాం.

ఇంకో సంగతి కూడా ఆలోచించు. పోయిన ఏడు ఆ పేట బావి నీళ్ళు తాగి నలుగురు కలరాతో పోయారు. పేడ, ఈగలు, ఎద్దుల మూత్రం. పట్నం నడిబొడ్డున అలాంటి చోటు ఉండాలని ఏ చదువుకున్నవాడూ అనడు. నాయన కట్టాడు కాబట్టి అది గుడి అయిపోదు.

ఇలాంటి ఉత్తరాలు మనుషుల చేత ఆఫీసుకు పంపవద్దు. సుడలై వచ్చి నా బల్ల ముందు నిలబడి ఏడ్చాడు. నలుగురిలో నాకు తలవంపులు.

గోవిందరాజ్

*

గోపినాయకన్‌పట్టి
పంగుని 22

గోవిందరాజుకు,

నేను వస్తానని నువ్వు అనుకోలేదు. తలుపు దగ్గర నన్ను చూసినప్పుడు నీ ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఏడూళ్ళ మగవాళ్ళను లెక్కేసుకున్నావు గానీ నన్ను వెయ్యడం మరిచిపోయావు.

సోమవారం రాత్రి సుడలై నీ జవాబు తెచ్చిచ్చాడు, మంగళవారం పొద్దున మీ బావ చూస్తుండగానే బయలుదేరాను. ఆయన వద్దనలేదు, పొమ్మననూ లేదు, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చేతికి కాప్పుతోనే పొలిమేర దాటాను. దాటేటప్పుడు భయపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంట్లో చిన్నదానికి నలతగా ఉంది. "అమ్మా, కోపమొస్తే నా మీద రా, పిల్ల మీదికి పోవద్దు" అని మొక్కుకుంటూ రైలెక్కాను.

మీ ఆఫీసు గదిలో ముగ్గురే ఉన్నారు. ఆఫీసరు, నువ్వు, తలుపు దగ్గర జవాను. మీ ఆఫీసరు నీకన్నా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. నువ్వు మాత్రం కాగితం లోంచి తలెత్తకుండా, "పేరు?" అని అరవంలో అడిగావు. నా ముఖానే, నన్ను. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని పత్తి చేలల్లో తిరిగినదాన్ని. "రంగమ్మాళ్, హెడ్ గుమాస్తా అక్క" అని గట్టిగా చెప్పాను. నువ్వు రెండో ముక్క రాయలేదని నీ చెయ్యి కదిలిన తీరులోనే తెలిసింది.

ఏడూళ్ళ తరఫున చెప్పాల్సిందంతా చెప్పాను. కలరా అన్నావు, దానికీ చెప్పాను. ఆ బావి పూడిక తీసి గట్టు కట్టుకుంటామని మా ఊరివాళ్ళు మూడుసార్లు అర్జీ పెట్టారు, మూడుసార్లూ జవాబు రాలేదు. ఆ అర్జీలు అందుకునే బల్ల ఎవరిదో మీ ఆఫీసరుకు తెలుసా అని అడిగాను. ఆయన నీ వైపు చూశాడు. నువ్వు ఇంగ్లీషులో ఏదో అన్నావు, ఆయన తలాడించాడు.

అప్పుడు ఆయన ఫైలు తిప్పి, నువ్వు అరవంలో చదివి వినిపించావు. పంగుదార్ల జాబితాలో ఆడవాళ్ళ పేర్లు లేవు కాబట్టి నా అభ్యంతరం చెల్లదట. పేరు ఉన్న మగవాళ్ళు ఒక్కరూ రాలేదట. అది ఊహించిందే. నేను ఊహించనిది ఆ తరువాతి కాగితం. "స్థాపకుడి వారసుడైన కుమారుడు ఇదివరకే లిఖితపూర్వకంగా సమ్మతి ఇచ్చి ఉన్నాడు." దాన్ని కూడా నువ్వే చదివావు, నీ నోటితో. గొంతు కూడా మారలేదు. నాయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన పంగు నీ పేరున ఉందని మేం ఎప్పుడూ అనుకోలేదు, అది ఏడూళ్ళదే అనుకున్నాం. నువ్వు మాత్రం గుర్తు పెట్టుకున్నావు. అందరికన్నా ముందు ఇచ్చేసింది కొడుకేనని తెలిశాక ఆ ఆఫీసరు మాత్రం నా మాట ఎందుకు వింటాడు?

నేను లేచి వచ్చేశాను. అక్కడ ఏడవలేదు. రైల్లో కోవిల్‌పట్టి దాకా ఏడుస్తూనే ఉన్నాను, ఎదురు సీటు ఆవిడ నాకు ఎవరో పోయారనుకుని ఓదార్చింది.

కాప్పు విప్పేదాకా నన్ను ఊళ్ళోకి రానివ్వలేదు. కోవిల్‌పట్టి మిల్లులో పనిచేసే గురువమ్మాళ్ ఇంట్లో ఆ రాత్రి ఉన్నాను. వచ్చాక చావడిలో మీ బావ తుండు నడుముకు చుట్టుకుని నిలబడి, నా తరఫున ఊరికి తప్పు ఒప్పుకున్నాడు. మూడేళ్ళు నేను పండగలో అమ్మకు మొలకల కుండ ఎత్తకూడదు. చిన్నదానికి తగ్గింది. అమ్మ నా మాట విన్నది, నువ్వు వినలేదు.

పేట నీది కాదు, అయినా ఇచ్చేశావు. ఇక మా గుమ్మంలో నీకేం పని?

రంగమ్మాళ్

*

విరుదునగరం
12 జూన్ 1935

అక్కయ్యకు, బావకు నమస్కారాలు.

ఏడాది పైన నువ్వు రాయలేదు, నేను రాస్తే తిప్పి పంపేశావు. దీన్నయినా చివరిదాకా చదువుతావనుకుంటాను.

మలబారు ఆఫీసరు జనవరిలో బదిలీ అయి పోయాడు. వేరే మనిషి దొరికేదాకా అని ఆ బాధ్యత సర్కారు నాకే ఇచ్చింది. ఇప్పుడు ఆ కుర్చీ నాది. రోడ్డు చూడాలి నువ్వు, స్టేషనులో నిలబడితే బజారు చివర కనబడుతుంది. కరెంటు దీపాలు వచ్చాయి. కిందటి ఎండాకాలంలో కలరా ఒక్కటీ లేదు. ఇదంతా అబద్ధమని నువ్వు కూడా అనలేవు.

సమ్మతి రాసిచ్చింది నిజమే, ఇప్పుడు దాచను. నేనివ్వకపోయినా ఆయన తీసుకునేవాడే. ఇచ్చాను కాబట్టే నన్ను తన మనిషి అనుకున్నాడు, మద్రాసుకు నా పేరు రాశాడు. కాప్పు తేదీ కూడా నేనే చెప్పాను. గొడవ లేకుండా పని జరగాలని చెప్పాను, మీ మీద పగతో కాదు. తలా ఒక మాట అడుగుతూ పోతే ఏ ఊళ్ళోనూ ఏదీ కట్టలేం. పని కావాలంటే ఎవడో ఒకడు తిట్లు తినాలి. నేను తిన్నాను.

ఇక అసలు సంగతి. వచ్చే నెలతో ఈ ఆఫీసు గడువు తీరుతుంది. ఓట్లు గెలిచిన మెంబర్లు మద్రాసుకు రాశారు, ఆఫీసు ఎత్తేసి అధికారం తమకు తిరిగి ఇవ్వాలట. సర్కారు మధ్యస్థంగా ఒక మాట అంది. రోడ్డు వల్ల అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నది ఏడూళ్ళ పంగుదార్లు కదా, వాళ్ళే తృప్తిగా ఉన్నామని రాసిస్తే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారట. కాగితం నేనే రాసి ఇందులో పెట్టాను. బావ మాట ఏడూళ్ళూ వింటాయి. బావ నీ మాట వింటాడు. వేలిముద్రలు వేయించి పంపు.

ఇది జరగకపోతే నాకు గుమాస్తా ఉద్యోగం కూడా మిగలదు, మెంబర్లు నన్ను బతకనివ్వరు. అప్పుడు పిల్లల్ని తీసుకుని ఊరికి వచ్చెయ్యడమే. నాయన రేగడిలో నా సగం ఉంది. చావడిలో బావ పక్కన కూచుంటాను. ఊరికి పెద్దతనం చెయ్యడానికి చదువుకున్నవాడు ఒకడు కావాలి కదా. అలా అయినా నాకు ఇష్టమే, నిజంగా చెబుతున్నాను. ఒక్కోసారి ఈ పట్నంలో నన్ను చూసి పలకరించేవాడు ఎవడూ లేడనిపిస్తుంది. అందరూ లేచి నిలబడతారు, అంతే.

తమ్ముడు,
గోవిందరాజ్

*

గోపినాయకన్‌పట్టి
ఆని మాసం 14

విస్తరణ ఆఫీసు, ఆఫీసరు గారికి,

నీ ఉత్తరం ఇంట్లో దాచుకోలేదు. చావడికి పట్టుకెళ్ళి, ఏడూళ్ళ పెద్దల్నీ పిలిపించి, మొదటి నుంచి చివరిదాకా నేనే చదివాను. మూడేళ్ళు మొలకల కుండ ఎత్తకూడదన్నారు గానీ ఉత్తరం చదవకూడదని ఎవరూ అనలేదు.

ఈ ఏడు పత్తి సంగతి నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. నీ రోడ్డు మీద బండి రెండు గంటలకు మించి నిలపకూడదని బోర్డు పెట్టించావట. పేట లేదు, నిలబడే చోటు లేదు, రెండు గంటల్లో అమ్మాలి లేదా తిప్పుకుపోవాలి. దళార్లకు అది తెలిసిపోయింది. వాళ్ళు గంటన్నర తీరిగ్గా కాఫీ తాగి, అప్పుడు వచ్చి ధర చెబుతారు. చెల్లసామి ఒకసారి రోషపడి బండి తిప్పేశాడు. దారిలో కయత్తారు వైపు నుంచి వాన పట్టుకుంది. బండెడు పత్తీ తడిసి ముద్దయింది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు మనవాళ్ళు పట్నానికే పోవడం లేదు. దళారులే చేలలోకి వచ్చి, చెట్టు మీద ఉండగానే బేరం చేసుకుపోతున్నారు. నాయన ఏడూళ్ళూ తిరిగింది ఏది తప్పించాలనో, సరిగ్గా అది వచ్చింది.

కాబట్టి నీ కాగితం చదవగానే ఏమయి ఉంటుందో ఊహించుకో. చెల్లసామి లేచి, "ముద్ర యేసేది లేదు. ఆయన ఉద్యోగం ఊడిన్నాడు అమ్మకి యాట పోతుని కొడతా" అన్నాడు. అందరూ నవ్వారు. ఏడాది పైగా ఆ చావడిలో నవ్వు వినడం అదే మొదలు. మీ బావ కూడా, "చించి పారెయ్, రంగా" అన్నాడు. నీ పేరు చెబితే కన్నెర్ర చెయ్యని ఒక్క మనిషీ ఆయనే.

నేను చించలేదు. చివరి ముక్క మళ్ళీ చదివాను. ఉద్యోగం పోతే ఊరికి వస్తాను, చావడిలో బావ పక్కన కూచుంటాను, పెద్దతనం చేస్తాను అన్న ముక్క. చదివి, "ఉద్యోగం ఊడితే యాడికొస్తాడు?" అని అడిగాను.

చెల్లసామి కూచున్నాడు. తొంబై ఏళ్ళ బొమ్మక్క, కంటికి సరిగా ఆనదు, స్తంభానికి ఆనుకుని వింటోంది. "మొదుట మన వాకిళ్ళు కొలుస్తాడు" అంది. పూజారి, "కాప్పు తేదీ ఆయన్నడిగే పెట్టాల్నేమో" అన్నాడు. మీ బావ తాను కూచున్న చాప వైపు, పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసుకున్నాడు. ఆయనే లేచి, "మసి తీసకరా" అన్నాడు.

నూట పద్దెనిమిది ముద్రలు ఉన్నాయి, ఇద్దరు పోయిన ఏడు చనిపోయారు. మీ జాబితాలో ఆడవాళ్ళు లేరు కాబట్టి నేను వెయ్యలేదు. మేమందరం తృప్తిగా ఉన్నాం, రోడ్డు బాగుంది, ఆఫీసరు మంచివాడు, ఆయన్ను కదపవద్దు అని నువ్వు రాసిందాన్నే ఒక్క అక్షరం మార్చకుండా పంపుతున్నాం. విరుదునగరం వాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటారు, తిట్టుకోనీ. వాళ్ళకు నిన్ను వదిలించుకునే దారి ఉంది, మాకు లేదు. నువ్వు మా ఊళ్ళో పుట్టావు.

నీ సగం రేగడి బావే దున్నుతాడు. నీ వాటా పంట ఏటా రైల్లో వస్తుంది, దానికోసం నువ్వు కదలనక్కర్లేదు. పిల్లల్ని కావాలంటే పండగకు పంపు, వాళ్ళు మా పిల్లలే.

రెండేళ్ళు పొడిగిస్తారన్నావు. అవి తీరాక మళ్ళీ కాగితం పంపు, మళ్ళీ ముద్రలు వేసి పంపుతాం. ఆ తరువాత కూడా పంపు. నువ్వు బతికినన్నాళ్ళూ వేస్తాం. ఊరికి మాత్రం రావద్దు.

రంగమ్మాళ్